గంటకు ఎంత, గంటసేపుకు ఎంత

1986 ఫిబ్రవరి 10, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. ఆర్మూరు మార్కెట్ యార్డులో మా సేటు షెడ్డు ముందు, మోర్తాడ్ వైపు నుంచి వచ్చిన ఎడ్లబండ్లు అప్పుడే దించి వెళ్లిన పసుపు కుప్ప ముందు నిలబడి, నేను చిట్టీ మీద "ఎండినది, మొదటి రకం" అని రాసి సంతకం చేశాను.

సేటుది ఆడతి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును వేలంలో అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం అతని వ్యాపారం. నేను అక్కడ గుమాస్తాగా చేరి ఏడు నెలలైంది. బి.కాం. రెండో శ్రేణిలో ప్యాసయ్యాను. జమాఖర్చులు తెలుసు, వడ్డీ లెక్కలు తెలుసు. పసుపు గురించి తెలిసిందల్లా అది పచ్చగా ఉంటుందన్న సంగతి ఒక్కటే.

సంతకం చేసిన సిరా ఆరకముందే ఒకామె కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, మోచేతి దాకా లోపలికి చెయ్యి దూర్చి, అడుగు నుంచి ఒక కాడిని, అంటే పసుపు కొమ్మును, లాగింది. చెవి దగ్గర పెట్టుకుని విరిచింది.

"సారూ, గిది ఎండలే. పైన ఎండింది పోసి, నడుమ పచ్చిది పెట్టిండ్రు."

"నాకు ఎండినట్టే ఉన్నది గదక్కా."

"సూసుడు కాదు, ఇను." పైనుంచి ఒక కాడి, అడుగు నుంచి ఒక కాడి తీసి నా చెవి దగ్గర విరిచింది. "ఎండింది కణ్ మంటది. గిదేమో పాత బట్ట చించినట్టు అంటున్నది. ఇనవడ్తలేదా?"

తేడా వినపడలేదు. రెండూ నాకు ఒకలాగే వినిపించాయి. సేటు వచ్చి కుప్పను మధ్యకు తవ్విస్తే, నడుమ నాలుగు బస్తాలంత సరుకు చెమ్మగా బయటపడింది. రైతు తల గోక్కుంటూ, ఇంకో మూడు రోజులు ఎండబోస్తానని ఒప్పుకున్నాడు. అదే గోదాములోకి పోయి ఉంటే బూజు పట్టి, దాంతోపాటు పక్క బస్తాలూ పాడయ్యేవి.

ఆమె పద్దెనిమిదేళ్లుగా ఆ షెడ్డులో పసుపు ఏరుతున్నది. పొడుగు కాడిని, గుండ్రటి గోళను, అడుగున మిగిలే చూరను వేరు చేయడం ఆ ఏరుడు పని. ఆ సాయంత్రం ఆమె చేతికి వచ్చిన కూలి ఎనిమిది రూపాయలు. ఆ ఉదయమే మొదటిసారి యార్డు లోపలికి అడుగుపెట్టి, కాడి ఏదో గోళ ఏదో అడిగి తెలుసుకుంటూ కూర్చున్న కొత్త పిల్లకూ ఎనిమిది రూపాయలే.

ఆ రెండు ఎనిమిదులు వారమంతా నన్ను వదల్లేదు. ఆదివారం నాడు కాగితం తీసుకుని, అందరి సంపాదననూ ఒకే కొలతకు తెచ్చి చూశాను. ఏరేవాళ్లు తిండి వేళ పోను రోజుకు ఎనిమిది గంటలు పని చేస్తారు. గంటకు ఒక రూపాయి. నా జీతం నెలకు మూడు వందల పన్నెండు. ఇరవై ఆరు రోజులు, రోజుకు పది గంటలు. గంటకు రూపాయి ఇరవై పైసలు. ఆ ఇరవై పైసలను నా పదిహేనేళ్ల చదువు మీద పంచితే, ఒక్కో తరగతికి పైసా, ఆపైన పైసాలో మూడో వంతు వచ్చింది.

నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చిన లెక్కను నలుగురికీ చెప్పకుండా ఉండలేని వయసది.

మరునాడు మధ్యాహ్నం ఆడవాళ్లు సద్దిమూటలు విప్పుకున్న వేళకు షెడ్డులోకి వెళ్లాను. "అక్కా, ఒక లెక్క చెప్త, ఇంటవా?"

"చెప్పు సారూ. నీ లెక్కకు మా జొన్నరొట్టె ఏం కరిగిపోదు గద."

"గంటసేపుకు మీకు రూపాయి, నాకు రూపాయి ఇరవై పైసలు," అంటూ లెక్కంతా చెప్పాను. షెడ్డంతా గొల్లుమంది.

"పదిహేనేండ్లు సదివితె ఇరవై పైసలా! ఇరవై పైసలకు చాయ్ సుత రాదు సారూ," అన్నది ఒకామె.

"గందుకే సారు చాయ్ తాగడు, వాసన సూసి పోతడు," అన్నది ఇంకొకామె.

నేనూ నవ్వాను. నవ్వనిది ఆమె ఒక్కతే. రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, "కొత్త పిల్లది సుత రూపాయేనా?" అని అడిగింది. రూపాయేనన్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం, ఆమె తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. పదమూడేళ్ల పిల్ల, ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతి. రెండు జడలు, నీలిరంగు బడి లంగా. తల్లి పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుని కాడి, గోళ వేరు చేయసాగింది. ఖాళీ సంచి దొరికినప్పుడల్లా దాని మీద అచ్చువేసిన అక్షరాలను పెదవులు కదుపుతూ చదువుకునేది.

"బడి లేదా అక్కా ఇయ్యాల?"

"బడెందుకు సారూ? నువ్వే చెప్తివి గద. పదిహేనేండ్లు కూసుంటె ఇరవై పైసలు. ఇయ్యాల్నే ఈడ కూసుంటె ఇయ్యాల్నుంచే రూపాయి. నీ లెక్క తప్పా?"

తప్పు కాదు. నాలుగు సార్లు సరిచూసుకున్న లెక్క. నెల కిందే, సంక్రాంతి సెలవులయ్యాక, పిల్ల పుస్తకాలకు కొత్త అట్టలు వేసుకున్నదట; నేను చెప్పిన నవ్వులాట ఆ అట్టలను అటకెక్కించింది.

మూడు రోజులు ఆలోచిస్తే నా తప్పు ఎక్కడుందో తెలిసింది. భాగహారంలో కాదు. నేను ఒక్క ఏడాది కూలినే కొలిచాను. ఏళ్లు గడిచేకొద్దీ ఎవరిది ఎంత పెరుగుతుందో కొలవలేదు. మా దుకాణంలో పెద్ద గుమాస్తా ఉన్నాడు. ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివినవాడు. ఇరవై రెండేళ్ల కింద అరవై రూపాయల జీతానికి చేరాడు. ఇప్పుడు ఐదు వందల తొంభై ఎనిమిది. గంటకు రెండు రూపాయల ముప్పై పైసలు. నాకూ అతనికీ ఉన్న తేడా చదువుది కాదు, అనుభవానిది. చిన్న చదువైనా సరే, అది అతని ప్రతి ఏడాదినీ లెక్కలోకి ఎక్కించింది.

ఇది చెప్పి పిల్లను బడికి పంపిద్దామని ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమె చేతులు ఆపకుండానే విన్నది.

"అంటె సదువుకున్నోని ఏండ్లు లెక్కకొస్తయి. నా ఏండ్లు రావు. గంతే గద?"

"గంతే అక్కా."

"గట్లయితె నా పద్దెనిమిదేండ్లు యాడికి పోయినయి తమ్మీ?"

అప్పటిదాకా నేను ఆమెకు 'సారు'ను. ఆ మాటతో తమ్ముడినయ్యాను.

"నా ఏండ్లకే ఇలువ లేని కాడ, నా బిడ్డ సదివిన ఏండ్లకు ఇలువొస్తదని ఎట్ల నమ్మాలె? నువ్వు లెక్కలోనివి. సేటుతోని నా ఏండ్లు లెక్క కట్టియ్యి. గప్పుడు నమ్ముత. గప్పుడు పంపుత."

పక్కన పిల్ల తల వంచుకుని గోళలు ఏరుతున్నది. వింటున్నదని వేళ్లు చెప్పాయి. అప్పటిదాకా చకచకా కదిలినవి ఒక్క గోళ మీద ఆగిపోయి ఉన్నాయి.

మార్చి 6, గురువారం, సేటు తీరికగా ఉన్న వేళ చూసి విషయం ఎత్తాను. ఆయన చెడ్డవాడు కాడు, ఖర్చు పెరిగే మాట వినగానే చెవులు మందగించే మనిషి. "నీకు బి.కాం. కాగితమున్నది, జీతమిచ్చిన. ఆమెకేమున్నది? అనుభవానికి సర్టిఫికెట్ ఏది?" అన్నాడు.

పెద్ద గుమాస్తా ముక్కుపొడుం పీల్చి, "చెవులకు పరీక్ష పెట్టు సేటూ, సర్టిఫికెట్ గదే అయితది," అన్నాడు.

అడ్డంగా ఒక గోనెపట్టా కట్టారు. ఇవతల ఆమె, అవతల సేటు. సేటు ఒక్కో కాడిని విరుస్తాడు. శబ్దం విని ఎండిందో పచ్చిదో ఆమె చెప్పాలి. యార్డులోని హమాలీలు కూడా బస్తాలు దించి గుమిగూడారు.

"ఎండింది." "ఎండింది." "పచ్చిది." "పైన ఎండింది, నడుమ పచ్చిది." నేను పట్టాకు రెండు వైపులా కనిపించే చోట నిలబడి గీతలు గీశాను. తొమ్మిదికి తొమ్మిది సరిపోయాయి. పదోదానికి ఆమె నోరు విప్పలేదు.

"చెప్పు మరి!" అన్నాడు సేటు గెలిచినట్టుగా.

"ఏం చెప్పాలె సేటూ? గది మీరు ఇరువలే. ఇందాక ఇరిగిన ముక్కను బండ మీద కొట్టిండ్రు."

హమాలీలు ఈలలు వేశారు. సేటు పట్టా పక్కకు తోసి, చేతిలోని ముక్కను చూసుకుని, తానూ నవ్వేశాడు. "నీ చెవులు పాడుగాను!" అన్నాడు. మా వైపు అంతకంటే పెద్ద మెప్పు లేదు.

ఆ నవ్వు చల్లారకముందే గల్లా దగ్గర నాకూ సేటుకూ మధ్య బేరం కుదిరింది. గంటకు ఒక రూపాయి అందరికీ. పని చేసిన ఒక్కో ఏడాదికి రెండున్నర పైసలు అదనం. అయితే పదేళ్లకు మించి లెక్క పెట్టనన్నాడు: "పదేండ్లు నేర్చినంక ఇంక నేర్చేదేముంటది?" ఇంకో షరతు కూడా పెట్టాడు. రోజుకూలి ఉండదు, పని చేసినన్ని గంటలకే డబ్బు. నేను సంతోషంలో ఆ షరతును తూకం వేయలేదు. ఆమెకు గంటకు రూపాయి పావలా అని గుణించుకుని, అది నా జీతం కంటే ఐదు పైసలు ఎక్కువని గ్రహించి, ఎందుకో గర్వపడ్డాను.

మార్చి 10, సోమవారం, మొదటి గంట కొట్టాక, శుభ్రమైన తెలుగులో రాసిన కాగితం పట్టుకుని షెడ్డు మధ్యలో నిలబడి చదివాను. "ఈ రోజు నుంచి ఏరే వారి కూలి గంటకు ఒక రూపాయి. అనుభవాన్ని బట్టి గంటకు రూపాయి పావలా వరకు."

నవ్వులు వస్తాయనుకున్నాను. ఒక్కొక్కరే కొంగు దులుపుకుని లేచారు. పందొమ్మిది మంది ఆడవాళ్లు షెడ్డు బయటకు పోయి ఎండలో నిలబడ్డారు. ఆమె ఆఖరున లేచింది.

"మంచిగ కట్టించినవు తమ్మీ నా ఏండ్లకు లెక్క," అన్నది. అరిచి ఉంటే బాగుండేది, మెల్లగా అన్నది.

నాకేమీ అర్థం కాలేదు. వేలానికి ముందే ఏరి కుప్పలు వేయాల్సిన సరుకు షెడ్డు నిండా ఉన్నది. సేటు గల్లా దగ్గర నుంచి కేకలు మొదలుపెట్టాడు. "నువ్వు పెంచిస్తివి, వాళ్లు లేచిపోయిండ్రు! గిదేం సదువయ్యా నీది?"

ఆమె కూతురు మాత్రం బయటకు పోలేదు. నా దగ్గరికి వచ్చి, "సారూ, కాగితం ఓపారి ఇయ్యుండ్రి," అన్నది. పెదవులు కదుపుతూ పూర్తిగా చదివింది. మళ్లీ మొదటికి వెళ్లి ఒక మాట దగ్గర వేలు పెట్టింది. పెట్టి, ఫక్కున నవ్వింది.

ఆ నవ్వుకు కారణం చెప్పాలంటే యార్డు గంట సంగతి చెప్పాలి. కార్యాలయం ముందు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది. రోజుకు మూడు సార్లు దాన్ని కొట్టేవారు: పొద్దున పని మొదలుకు, నడుమ వేలానికి, సాయంత్రం మూసివేతకు. మొదటి గంట దాటి వస్తే కూలిలో మూడో వంతు కోత. "గంట పోయింది" అంటే కూలి పోయిందని అర్థం. ఇంటి దగ్గరైతే ఆ ఆడవాళ్లూ గడియారం లెక్కన "గంటసేపు" అనేవాళ్లే. కానీ యార్డులో, కూలి మాటలో, ఒట్టి 'గంట' అంటే ఆ ఇనుపముక్క మోతే. గంటకు ఒక రూపాయి అంటే మూడు గంటలకు మూడు రూపాయలు. ఎనిమిది రూపాయల కూలిని నేను మూడుకు దించానని, పద్దెనిమిదేళ్ల అనుభవానికి డెబ్బై ఐదు పైసలు భిక్షం వేశానని వాళ్లు విన్నారు.

పిల్ల కాగితంతో ఎండలోకి పరుగెత్తింది. "అమ్మా, గీ గంట గా గంట కాదే! సారు 'సేపు' రాయలే. గంటసేపుకు!"

"గంటసేపుకు ఏంది?"

"గంటసేపుకు రూపాయి. పొద్దటి నుంచి మాపటి దాంక ఎనిమిది గంటలసేపు. ఎనిమిది రూపాయలు ఎప్పటిలెక్కనే. నీకు రూపాయి పావలా." నేల మీద కూర్చుని, పసుపు చూర రాలిన మట్టిలో పుల్లతో గుణకారం వేసింది. "ఎనిమిది పావలాలు రెండు రూపాయలు. ఎనిమిది, రెండు. పది రూపాయలే నీకు! మాపటేళ ఎక్కువ సేపు ఆపితె ఇంకా ఎక్కువ."

ఆమె మట్టిలోని అంకెల వైపు, అవి వేసిన పిల్ల వైపు మార్చి మార్చి చూసింది. చదవడం రాదు గనుక, అంకెలను కాక పిల్లనే ఎక్కువసేపు చూసింది.

"నీకు గిదంత ఏడ వచ్చిందే?"

"బడిలనే."

పక్కనున్నామె నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను చూసింది. "పదిహేనేండ్లు సదివినోడు 'సేపు' మరిచిండు. ఎనిమిదేండ్లు సదివింది పట్టుకున్నది. సారూ, నీ ఇరవై పైసలు గా పిల్లకియ్యి!"

మళ్లీ గొల్లుమన్నారు. ఈసారి ఆమె కూడా నవ్వింది. అందరూ లోపలికి వచ్చారు. నడిమి గంట మోగేసరికి కుప్పలు సిద్ధమయ్యాయి. నేను కాగితం మీద పిల్ల వేలు పెట్టిన చోట 'సేపు' అని చేర్చి గోడకు అంటించాను.

మార్చి 12, బుధవారం ఉదయం, ఆమె పక్కన గోనెసంచి ఖాళీగా ఉన్నది. నేను అడగకముందే, "మాట అంటె మాటే తమ్మీ," అన్నది. "నా ఏండ్లు సగమన్న దొరికినయి. దాని ఏండ్లు పూర్తిగ దొరకనీ."

మంచి జరిగిందని అక్కడ ఆపితే లెక్క అబద్ధమవుతుంది. నేను తూకం వేయని షరతు వానాకాలంలో బయటపడింది. సరుకు తగ్గి, నాలుగు గంటలసేపు పనే దొరికిన రోజులు అరవై వచ్చాయి. కోతలయ్యాక సరుకు ముంచెత్తిన కాలంలో పది గంటలసేపు పని చేసినవి వంద. ఆ నూట అరవై రోజుల్లో ఆమెకు పాత పద్ధతి కంటే రెండు వందల డెబ్బై రూపాయలు మిగిలాయి. కొత్త పిల్లకు నలభై తగ్గాయి. నేను చేసిన మేలులో ఒకరి నష్టం ఉన్నదని ఆ అంకె చెప్పింది. ఆ కాగితం సేటు ముందు పెడితే, మరుసటి ఏడాది నుంచి, పనికి పిలిచిన రోజు ఆరు గంటలసేపు కూలికి తక్కువ కట్టనని ఒప్పుకున్నాడు. సులువుగా ఏమీ కాదు. పదకొండు సార్లు అడిగాను.

పిల్ల ఆ ఏడాది లెక్కల పరీక్షలో నలభై ఒక్క మార్కులతో గట్టెక్కింది. తర్వాత పది, ఆ తర్వాత ఇంటర్. పెళ్లయింది, అత్తవారూ ఊళ్లోనే. 1997 మార్చిలో సేటు పసుపులో తేమ కొలిచే మిషన్ కొన్నాడు. దాన్ని నడిపి, అంకె చదివి, చిట్టీ రాసేందుకు ఆ పిల్లనే తీసుకున్నాడు. గంటసేపుకు ఆరు రూపాయలు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ల అనుభవమున్న తల్లికి ఐదు.

"పన్నెండేండ్ల సదువు నా ఇరవై తొమ్మిదేండ్ల మీద రూపాయి ఎక్కువనా?" అనేది తల్లి, మిషన్ పక్కన కూర్చుని.

"నీ చెవికి కరెంటు ఖర్చు లేదు గదనే అమ్మా, గందుకే తక్కువ."

ఏప్రిల్‌లో ఒకనాడు మిషన్ తొమ్మిది చూపించింది. అంటే బాగా ఎండిన సరుకు. తల్లి ఒక కాడి విరిచి, "అబద్ధం," అన్నది. కూతురు వాదించలేదు. మిషన్ మూత విప్పి, లోపల గడ్డకట్టిన పాత చూరను బ్రష్‌తో దులిపి మళ్లీ పెట్టింది. పన్నెండున్నర చూపించింది, ఇంకా చెమ్మ ఉన్న సరుకే. ఆ సాయంత్రమే సేటుకు ఒక దరఖాస్తు రాసి, ముందు నాకు చూపించింది. మిషన్ చెప్పింది నిజమో కాదో రోజూ చెవితో సరిచూసే పని ఒకటి ఉన్నదని, ఆ పనికి గంటసేపుకు ఒక రూపాయి ఇవ్వాలని, దానికి తగిన మనిషి ఈ షెడ్డులో ఒక్కరే ఉన్నారని. 'సేపు' కింద రెండు గీతలు ఉన్నాయి.

"తప్పులున్నయా సారూ?"

"లేవు," అన్నాను. సేటు మరునాడు సంతకం చేశాడు. తల్లీకూతుళ్ల కూలి ఆ రోజు సమానమైంది, ఆరు, ఆరు.

పోయినవి: పిల్ల బడి రోజులు, ఆదివారాలూ ఒక పండుగ సెలవూ తీసేస్తే, పదమూడు. కొత్త పిల్లవి మొదటి ఏడాది నలభై రూపాయలు. ఆమె పద్దెనిమిదేళ్లలో సేటు లెక్కపెట్టని ఎనిమిదేళ్లు, గంటసేపుకు ఇరవై పైసలు; సరిగ్గా నా పదిహేనేళ్ల చదువంత.

మిగిలినవి: గోడ మీద, మూలలు చిరిగి, 'సేపు' చేర్చిన ఒక కాగితం. పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు రెండు. ఒక జత చెవులు, ఇంకా పనిలోనే.